అమ్మ జబ్బ మీద ఎర్ర చుక్క

పంజగుట్టలో ఏ క్లినిక్ మెట్లెక్కినా స్పిరిట్ వాసనకు నా ఎనిమిదో ఏడు గుర్తొస్తుంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పైనున్న మా గదిలో అమ్మ టైఫాయిడ్‌తో పడుకుని ఉంది. ఇంజెక్షన్ ఇవ్వడానికి నర్సు రావాలి.

"అక్కా, క్రిముల్ని చంపే మందు అమ్మని సుత చంపుతదా?"

"చంపదే పిచ్చీ! బాక్టీరియా కణంల కేంద్రకం ఉండదు, మన కణంల ఉంటది. గా తేడా మందుకి ఎరుకే," అంటూ ఇంటర్ చదివే అక్క పుస్తకంలో బొమ్మలు చూపింది. మన కణం నడుమ ఎర్రటి చుక్క ఉంది.

మందు ఆ చుక్కను చూడకపోతే? బైబిల్లో పస్కా రాత్రి, ద్వారబంధాల మీద గొర్రెపిల్ల రక్తం పూసిన ఇళ్లను సంహారకుడు ఎవరినీ చంపకుండా దాటిపోయాడని సండే స్కూల్లో విన్నాను. ఎర్ర పెన్నుతో అమ్మ జబ్బ మీద పెద్ద చుక్క పెట్టాను.

నర్సు వచ్చి స్పిరిట్ దూదితో సరిగ్గా అక్కడే తుడవబోయింది.

"తుడవకు! అమ్మ చచ్చిపోతది!" అని అరిచాను.

"ఏంటమ్మా ఈ గోల?" అంది నర్సు.

అమ్మ నా ముఖం చూసింది. "ఉండనీ సిస్టర్, గీ చేతికియ్యి," అని రెండో చెయ్యి చాపింది.

ఆ మందు పగలగొట్టేది బాక్టీరియా గోడనని, మన కణాలకు అలాంటి గోడే ఉండదని పెద్దయ్యాక చదివాను. నేను పెన్ను పట్టకముందే దేవుడు ఆ తేడా పెట్టి ఉంచాడు. అమ్మ మాత్రం జ్వరం తగ్గేదాకా నా చుక్కను కడగలేదు.