మా టీచరమ్మ నోట నా అబద్ధం

మా టీచరమ్మ పోయారు. మూడు వారాల కిందట, మంగళవారం పొద్దున, చీపురుపల్లిలో తన ఇంటి వరండాలో పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు. ఫోన్ చేసింది మా అమ్మ. "ఒలే, మన టీచరమ్మ ఎలిపోనారే" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికల్లా విజయనగరంలోని ఒక స్నేహ సంఘం వాట్సాప్ గ్రూపులో దీపం బొమ్మతో సందేశం వచ్చింది. "మా సంఘ కుటుంబ సభ్యురాలు..." అని మొదలైంది. అక్కడిదాకా చదివి ఫోన్ మంచం మీదికి విసిరేశాను. కుటుంబమట! పద్దెనిమిదేళ్ళు పనిచేయించుకుని ఒక్కసారి కూర్చోమనని కుటుంబం.

ఆ సంఘానికి విదేశంలో ఒక ఊరితో స్నేహబంధం ఉంది. ఏటా చలికాలంలో అక్కడినుంచి పదిపన్నెండు మంది అతిథులు వస్తారు. వాళ్ళ గౌరవార్థం పెద్ద హాలులో మధ్యాహ్న విందు. తెల్లటి బల్లగుడ్డలు, ఫోర్కులు, రెండు దేశాల జెండాలు. ఆ ఏడాది ఏదైనా సాధించిన పిల్లలకు శాలువా, జ్ఞాపిక. మా టీచరమ్మ మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఈ విందులో అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం ఆవిడ వంతు.

మాట్లాడేటప్పుడే కాదు, తినేటప్పుడు కూడా. ఇద్దరు అతిథుల కుర్చీల మధ్య అరడుగు వెనక్కి నిలబడేవారు. కోడి వేపుడు బాగా కారమా అని వాళ్ళడిగితే, దాన్ని నోట పెట్టని ఈవిడే జవాబు చెప్పాలి. అందరూ చేతులు కడుక్కున్నాక వంటవాళ్ళ దగ్గర నిలబడి ఇంత పెరుగన్నం తినేవారు. అదేమిటని నేనడిగితే నవ్వి, "నోట్లో ముద్దుంటే మాటెలాగొస్తాదే?" అన్నారు. బడిలో ఎంత చక్కటి ఇంగ్లీషైనా, గడప దాటితే ఆవిడది మా మాటే.

ఆవిడకో పద్ధతి ఉండేది. సంఘం అధ్యక్షుల వారు "నేను ఈ జిల్లా పిల్లలకు తండ్రిలాంటివాణ్ణి" అంటే, "ఆయన ఇలా అంటున్నారు" అనేవారు కాదు. "నేను తండ్రిలాంటివాణ్ణి" అనే ఇంగ్లీషులో చెప్పేవారు. జరీ అంచు తెల్లచీర కట్టుకుని ఆవిడ అలా అంటుంటే పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. "మాట ఆల్లది, నోరొకటే నాది. ఉప్పూ కారం నాను ఎయ్యకూడదు" అనేవారు.

నా సంగతికొస్తాను. మాది గరివిడి పక్క పల్లె. అమ్మ గోగు పనికి వెళ్ళేది. గోగు కట్టల్ని గుంటలో ఊరబెట్టి, మోకాలి లోతు కుళ్ళునీళ్ళలో నిలబడి నార తీయాలి. ఆ రోజుల్లో అమ్మ కాళ్ళూ చేతులూ పుండ్లు. నీళ్ళలో దిగకుండా, గట్టు మీద కూర్చుని తొక్కితే నార వచ్చే యంత్రం చేస్తానని పదో తరగతిలో నేను అంటే క్లాసంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. పాత సైకిలు రిమ్ములూ, పెడళ్ళూ తెచ్చి తన వరండాలో పడేశారు. వడ్రంగి చేత రెండు చెక్క రోలర్లు చేయించారు. నాలుగు నెలలు బడి అయ్యాక అక్కడే. రోలర్ మధ్య వేలు నలిగితే తిట్టుకుంటూ కట్టు కట్టారు. ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టారు. సైన్సులో ఆవిడకు ఓనమాలు రావు, కానీ "మళ్ళీ ఇప్పు, మళ్ళీ బిగించు" అనడం వచ్చు. మొదటి కట్ట మా అమ్మే తొక్కింది. "ఒలమ్మో, మొత్తం వొచ్చీసినాదే!" అని అరిచి ఏడ్చింది. దానికి రాష్ట్రస్థాయిలో బహుమతి వచ్చింది.

ఆ ఏడాది విందులో పిల్లల్లో ఒకరిని ఎంపిక చేసి నెల రోజులు తమ దేశం తీసుకువెళ్తామని అతిథులు ముందే కబురు పంపారు. విందుకు ముందు అధ్యక్షుల వారు నన్ను పక్కకు పిలిచారు. "యంత్రం మన సంఘం ల్యాబ్‌లో చేశానని చెప్పు తల్లీ. ఒక్క ముక్క. మన పిల్లవైతేనే కదా వాళ్ళు తీసుకెళ్ళేది" అన్నారు. ఆ ల్యాబ్ నాకు తెలుసు. కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు, అల్మరాలకు తాళాలు. అతిథులు వచ్చినప్పుడే తెరుస్తారు.

నాకు పదిహేనేళ్ళు. విమానం ఎక్కాలని ఉంది. మైకు ముందు నిలబడి, "నేను ఈ సంఘం ల్యాబ్‌లో ఈ యంత్రం చేశాను" అన్నాను.

పక్కనే ఉన్న టీచరమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నేను ఈ సంఘం ల్యాబ్‌లో ఈ యంత్రం చేశాను" అని స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పారు. తన వరండాను తన నోటితోనే తుడిచేశారు. హాలంతా చప్పట్లు. నన్నే ఎంపిక చేశారు. నేను వెళ్ళి అతిథుల పక్కన కూర్చుని భోంచేశాను. వేపుడు రెండోసారి కూడా వేయించుకున్నాను. ఆవిడ నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. ఆ తిండి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తిరుగు బస్సులో నేను ఏడ్చాను. "మీరెందుకు మార్చి చెప్పలేదు?" అని ఆవిడ్నే నిలదీశాను. సిగ్గులేని ప్రశ్న. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నీ మాట నానెలాగ మారుస్తానే? నువ్వే మార్సుకోవాల" అన్నారు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నేను వెళ్ళేటప్పుడు తన ఊలు శాలువా ఇచ్చారు. తిరిగొచ్చాక మంచు గురించి అడిగి అడిగి చెప్పించుకున్నారు.

నాకు ఆవిడ మీదా కోపమే. ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే ఆ రోజే బాకీ తీరిపోయేది. కొట్టలేదు. పదమూడేళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను, ఆ సంఘం బ్యానర్ మీద ఏటా నా ఫొటో వేస్తారు. వద్దని ఒక్కసారీ అనలేదు.

ఈ ఏటి విందు ఆవిడ పోయిన పన్నెండో రోజున జరిగింది. వాయిదా వేయడం కుదరదన్నారు. మౌనం పాటించారు, అర నిమిషం. తర్వాత అధ్యక్షుల వారు "ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమ్మా" అని మైకు నాకిచ్చారు. అనువాదానికి ఆయన కోడలు నా పక్కన నిలబడింది.

తెలుగులోనే చెప్పాను. యంత్రం ఎక్కడ చేశానో, ఎవరు చేయించారో, ఈ మైకు ముందే నేను ఏం అబద్ధమాడానో, ఎవరు ఆడమన్నారో. తెలుగువాళ్ళ బల్లల దగ్గర గరిటెల చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి మామగారి వైపు చూసింది. "తను ఎదగడానికి సాయపడిన ఈ సంఘానికీ, తన టీచరుకూ ఎంతో రుణపడి ఉన్నానంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పింది. అతిథులు నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

ఆ పిల్లను నేనేమీ అనను. తను ఆ ఇంటికే తిరిగి వెళ్ళాలి. మైకు మళ్ళీ దగ్గరకు లాక్కుని మొదటినుంచీ ఇంగ్లీషులో చెప్పాను.

"అమ్మా, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు అధ్యక్షుల వారు.

"చల్లారనివ్వండి" అన్నాను.

అతిథుల్లో ఒక ముసలావిడ ఉంది. దాదాపు ఏటా వస్తుంది. ఆవిడ ఫోర్కు కింద పెట్టి, "మా వెనక నిలబడే ఆవిడేనా? ఆమె పేరేమిటి?" అని అడిగింది.

అన్నేళ్ళుగా ఆ నోటితోనే మాట్లాడారు, ఆ చెవులతోనే విన్నారు. పేరు తెలియదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే.

ఇంటిపేరుతో సహా చెప్పాను. ముసలావిడ పలకబోతే సగం నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తప్పింది. ఎవరో "పర్లేదు, పర్లేదు" అన్నారు. పర్లేదు కాదు. ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. ఆవిడ నా పెదాలవైపే చూస్తూ నెమ్మదిగా పలకసాగింది. బిర్యానీ పళ్ళేల్లో నెయ్యి పేరుకుంటోంది. పేరు మొత్తం ఆవిడ నోట సరిగ్గా వచ్చేదాకా నేను కూర్చోలేదు.