పొగమంచు దీవిలో మూసిన తలుపు

2024 జూలై. కివీల దేశంలో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఒక బోర్డ్ గేమ్స్ షాపు వెనక గదిలో, ప్రతి శనివారం మధ్యాహ్నం టేబుల్‌టాప్ ఆటలు నడిపేవాణ్ణి. నా ఉద్యోగమే అది. చదువుకుంటానని వెళ్లి ఆటలాడిస్తున్నాడని మా బంధువులు ఇప్పటికీ దెప్పుతుంటారు. గేమ్ మాస్టర్, అంటే నేను, కథ చెబుతాను. ఆడేవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, అది ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి.

కథ జరిగే లోకానికి ముందే రాసిపెట్టుకున్న చరిత్రనీ కట్టుబాట్లనీ లోర్ అంటారు. నా లోర్‌తో ఒక లావుపాటి నోటుబుక్కు నిండిపోయింది. ఎవరైనా దాన్ని దాటబోతే నాకు ఒళ్లు మండేది. అందులో ఒక కట్టుబాటు ఇది. పొగమంచు దీవిలో కొమ్ము ఊదగానే తలుపులన్నీ మూసేయాలి. మంచు వీడేదాకా ఎవరు పిలిచినా తీయకూడదు. తీసినవాళ్లెవరూ బతకలేదు.

బల్ల మధ్యలో ఎర్రటి స్టాప్ కార్డ్ ఉంటుంది. భయం మితిమీరితే దాన్ని తాకితే చాలు, కారణం అడగకుండా సన్నివేశం ఆపేస్తాం. కివీల, అంటే ఇక్కడివాళ్ల గుంపులో ఎవరో ఒకరు తాకుతూనే ఉంటారు. మన తెలుగువాళ్ల బల్ల దగ్గర ఒక్కరూ తాకలేదు. నేను అందరికన్నా పెద్దవాణ్ణి, అందరికీ అన్నని. అన్న చెబుతుంటే మధ్యలో ఆపడానికి మొహమాటం. నేనేమో అది నా ప్రతిభ అనుకుని మురిసిపోయాను.

లావణ్య వృద్ధాశ్రమంలో కేర్‌గివర్. పెద్దగా మాట్లాడేది కాదు. ఆటలో ఆమెది పడవ నడిపే అమ్మాయి పాత్ర. ఆ శనివారం నేను కొమ్ము ఊదించాను. పడవమ్మాయి ఇంట్లో ఉంది, ఆమె చెల్లెలు ఇంకా రేవులోనే ఉంది. బయట ఎవరో తలుపు కొడుతున్నట్టు, బల్ల కింద వేళ్లతో టకటకమని కొట్టాను.

లావణ్య చెయ్యి కార్డు వైపు కొంచెం కదిలి, మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది. నేను చూశాను. చూసి కూడా ఆపలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"తలుపు తీస్తానన్నయ్యా."

"తీస్తే చస్తావు లావణ్యా. లోర్‌లో అలాగే ఉంది."

"తెలుసు. అయినా తీస్తాను."

పక్కనున్న సురేష్ ఊరుకోలేదు. "గట్లెట్లన్నా? పోయినవారం ఆటల నా తమ్ముడు బయటుంటే, తలుపు తీస్తనంటే వద్దన్నవ్. పోయిండు. ఇప్పుడు ఈమెను తియ్యనిస్తవా?"

అతని మాటలో న్యాయం ఉంది. ఆమెను తీయనిస్తే అతను పడ్డ బాధకు విలువ లేకుండా పోతుంది. తీయనివ్వకపోతే, ఇన్ని నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగిన ఒక్కటీ కాదన్నట్టవుతుంది. పైగా ఇందాక కార్డు వైపు వచ్చి వెనక్కి వెళ్లిన ఆమె చెయ్యి గుర్తొచ్చింది. నా కథ చూసి నాకే భయం వేసింది.

"ఆపేద్దామా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

నోటుబుక్కు తెరిచాను. తీసినవాళ్లెవరూ బతకలేదని రాసింది నేనే. కానీ అందరూ తలుపులు మూసుకుని కూర్చుంటే చూసిందెవరు?

"ఇది దీవిలో అందరూ చెప్పే మాట," అన్నాను. "నిజమో కాదో ఎవరికీ తెలీదు. చావొచ్చు కూడా. తీస్తావా?"

"తీశాను."

"ఏం కనిపిస్తోంది?"

"ముసలావిడ. కాళ్లకి చెప్పుల్లేవు. గుండె పట్టుకుని ఉంది."

చెల్లెలు కాదు.

"ఈ దేశం వచ్చిన కొత్తలో టకానిని అనే పేటలో ఉండేదాన్ని," అంది నెమ్మదిగా. "తెలియనివాళ్లకి తలుపు తీయకని అమ్మ చెప్పింది, ఫ్లాట్‌లో వాళ్లూ చెప్పారు. ఒకరోజు పొద్దున్నే ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరో తలుపు బాదారు. భయమేసి సోఫా వెనక దాక్కున్నా. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. అంబులెన్స్ వచ్చాక తెలిసింది, బాదింది గుండెపోటొచ్చిన పక్కింటావిడ అని. బతకలేదన్నయ్యా."

ఆ రోజు పాచిక వేయలేదు. సురేష్ లేచి ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తర్వాత నన్నడిగాడు. "నేను గూడ గట్టిగ అడిగుంటే తీయనిచ్చెటోనివా అన్నా?"

"లేదు," అన్నాను. అబద్ధం చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. కొత్త గుంపు కూర్చోగానే కార్డును మొదట నేనే తాకి ఒక సన్నివేశం ఆపేస్తాను, అన్న ఆపగా లేంది తామెందుకు ఆపకూడదని వాళ్లకు అనిపించాలని. లోర్‌ను పారేయలేదు. భయపెట్టే కట్టుబాటు లేకపోతే తలుపు తీయడానికి ధైర్యంతో పనేముంది? కాకపోతే, తీస్తానన్నవాళ్ల చెయ్యి పట్టుకుని నేను ఆపను.

మూడు వారాల తర్వాత లావణ్య వస్తూనే చెప్పింది. "నిన్న ఎవరో తలుపు కొట్టారన్నయ్యా. భయమేసింది. తీశాను. కొరియర్ అతను!"

చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత ఇన్నాళ్లలో, బల్ల కింద వేళ్లతో కొట్టడానికి నాకు ధైర్యం రాలేదు.