జామచెట్టు దిగిపోయిన మధ్యాహ్నం

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. మోకాలి లోతు తవ్వితే నల్లమట్టి, ఇంకాస్త తవ్వితే నీళ్లు. అలాంటి చోట పుట్టిన నేను, మా ఆయన ఉద్యోగం మూలంగా, ఒకప్పుడు వజ్రాలు తవ్విన ఊళ్లో ఇల్లు కట్టుకోవలసి వచ్చింది.

ఊరని పేరే గానీ ఇప్పుడది హైదరాబాదు రోడ్డు మీద బెజవాడకి శివారు. పొద్దున లేస్తే కాలేజీ బస్సులు. రోడ్డుకి అటూ ఇటూ వెంచర్ల బోర్డులు, వాటి మీద మెరిసే వజ్రం బొమ్మ. చుట్టాలొస్తే తిప్పి చూపించడానికి కొండపల్లి కోట ఉంది, కొయ్యబొమ్మలు చేసే వీధి ఉంది, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డు ఉంది. అవన్నీ అయ్యాక అందరూ అడిగేది మాత్రం వజ్రాల గనులు ఎక్కడని. చూపించడానికి ఏమీ లేదు. నవాబుల కాలంలో తవ్విన గోతులట. కొన్ని పూడ్చారు, కొన్ని వాటంతటవే పూడాయి. వాటి మీదే ప్లాట్లు వేశారు. తొలకరి పడ్డాక మాత్రం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, ఖాళీ స్థలాల్లో తలలు వంచుకుని గులకరాళ్లలో వెతుకుతూ తిరుగుతారు. పక్కపక్కనే నడుస్తున్నా ఒకరితో ఒకరు మాట్లాడరు.

మా ఇంట్లో పెరటివైపు గది నేల నడివేసవిలో కూడా చల్లగా ఉండేది. మొదట సంతోషించాం. గ్లాసు జారి పడితే ఆ చప్పుడు ఒకసారి గదిలో వినిపించి, కాస్త ఆగి, కింద ఎక్కడో మళ్లీ వినిపించేది. కొత్త ఇల్లు కదా, టైల్స్ కింద ఇసుక సర్దుకుంటోందని మా ఆయన కొట్టిపారేశారు. పక్కింటి మామ్మగారు ఆ ఊళ్లోనే పుట్టి, అక్కడే ముసలైన మనిషి. ఇల్లంతా చనువుగా తిరిగేది గానీ ఆ గదిలో మాత్రం ఏనాడూ అడుగుపెట్టలేదు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. పెరట్లో ఎవరో బరువుగా ఊపిరి వదిలినట్టయింది. వెళ్లి చూస్తే జామచెట్టు కనిపించలేదు. దగ్గరికి నడిస్తే కనిపించింది. అది విరగలేదు, ఒరగలేదు. కొమ్మలతో సహా నిలువునా ఒక గుండ్రటి గోతిలోకి దిగిపోయి ఉంది. చిటారుకొమ్మ కాయలు నా పాదాల దగ్గరున్నాయి.

ఫోన్ చేస్తే మా ఆయన ఆఫీసు నుంచి పరుగున వచ్చారు. టార్చి వేసి చూశారు. గోతి గోడలో పైనుంచి కిందిదాకా వరసగా చిన్న చిన్న గూళ్లు తొలిచి ఉన్నాయి. ఎక్కి దిగడానికి కాళ్లు ఆనించే చోట్లు అవి అన్నారు. నేను బోర్లా పడుకుని అన్నిటికన్నా పైదాంట్లో చెయ్యి పెట్టాను. అరచెయ్యి పట్టింది, అంతే. పెద్దవాళ్ల పాదం అందులో పట్టదు. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తోచింది.

ఈలోగా మామ్మగారు వచ్చింది. గోతిని చూసి ఆశ్చర్యపోలేదు. ఇరుకు గోతుల్లోకి పిల్లల్నే దింపేవాళ్లని వాళ్ల తాత చెప్పేవాడట. వానకి గోడ జారితే, దాన్ని అలాగే వదిలేసి పక్కన ఇంకోటి మొదలుపెట్టేవాళ్లట. లోపలున్నవాళ్లని ఎవరైనా పిలిచారా అని చిన్నప్పుడు ఈవిడ అడిగితే తాత జవాబు చెప్పలేదట.

ఆ మాట చెప్పి, మామ్మగారు గోతి అంచుకి వెళ్లి కిందికి వంగింది. ఆటలో పడ్డ పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతుతో పిలిచింది.

"పని అయిపోయిందమ్మా. ఇంక పైకి రండి."

గాలి లేదు. ఎదురు డాబా మీద ఆరేసిన చీర కూడా కదలడం లేదు. గోతిలో జామచెట్టు అడుగుకొమ్మ ఊగింది. తరవాత దాని పైది, ఆ తరవాత ఇంకా పైది. చిటారుకొమ్మ నా కాళ్ల దగ్గర నేలకి వంగి, బరువు దిగినట్టు పైకి లేచింది. అంతలోనే మళ్లీ అడుగుకొమ్మ ఊగడం మొదలైంది. అలా ఎంతసేపు జరిగిందో చెప్పలేను. మామ్మగారు దారి ఇస్తున్నట్టు పక్కకి జరిగి నిలబడింది. మా ఆయన దేన్నీ నమ్మే మనిషి కాదు. ఆయన కూడా జరిగారు. కొమ్మలన్నీ ఆగాక, వెళ్లి పెరటి గేటు బార్లా తెరిచి వచ్చారు.

మర్నాడే గొయ్యి పూడ్పిద్దామనుకున్నాం. మామ్మగారు వద్దంది.

"ఎవరైనా వెనకబడ్డారేమో. ఇంకొక్క రోజు ఆగండి."

ఆగాం. ఆ రోజంతా నేను పెరటివైపు కిటికీ తియ్యలేదు. ఆ తరవాత టిప్పర్లు వచ్చి గ్రావెల్ పోశాయి. చెట్టు అందులోనే ఉండిపోయింది. పెరటివైపు గది నేల తవ్వించి, కింద బోలుగా ఉన్నదాన్ని కాంక్రీటుతో నింపించాం. ఆఖరి లోడు పడేదాకా మామ్మగారు, నేను అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించి విన్నాం. రాళ్లు పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, కాసిని మంచినీళ్లు ఇమ్మంది.