అమావాస్య మ్యాచ్‌కి బందరు ప్రయాణం

"అమావాస్య పూట ప్రయాణమేమిట్రా?" అని అమ్మ గుమ్మంలో నిలబడి అంటూనే ఉంది. మాకు వేరే రోజెక్కడిది? నెలలో మగ్గాలకు సెలవు ఆ ఒక్కరోజే. అందుకే మా నేతగాళ్ళ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌లన్నీ అమావాస్య నాడే పెడతారు మేనేజరు ఫాదర్ లూకా గారు. ఆయనది ఇటలీ. యుద్ధం రోజుల్లో శత్రుదేశం వాడని సర్కారు నిర్బంధంలో ఉంచింది. యుద్ధం అయ్యాక మళ్ళీ బెజవాడే వచ్చారు.

నాకు ఆట మీద మోజు లేదు. పాత బజారులో బట్టల కొట్టు నాది. అది మూసి ఎందుకు బయలుదేరానంటే, మా తమ్ముడు సుబ్బారావు ఆ జట్టుకు గోల్ కీపరు. సర్కారు కంట్రోలులో కొలిచి ఇచ్చిన నూలుతో మొదలుపెట్టిన చీర వాడి మగ్గం మీద సగంలో ఉంది. వాడు నేస్తేనే నా కొట్లో బట్ట, ఇంట్లో బువ్వ. బందరు వాళ్ళేమో బూట్లతో ఆడతారట. ఒక్క వేలు విరిగితే మా గతేమిటని రెండు రాత్రులు నాకు కంటి మీద కునుకు లేదు.

ఉదయం ఏడింటికి బెజవాడలో రైలు మూడో తరగతి పెట్టెలో ఎక్కాం. ఉప్పులూరు దాటాక అటూ ఇటూ నాట్లు వేసిన చేలే. ఎదురు బల్ల మీద కూర్చున్న బడిపంతులు గారు ఫాదర్ చెయ్యి చూసి ఊరుకోలేకపోయారు. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు వంకరపోయి, ముడవడానికి రావు.

"చిన్నప్పుడు మా ఊరి జట్టుకి గోల్ కీపర్నండి. ఒకడి బూటు పడింది. ఆట పోయింది, పిల్లల జట్టుకి మేనేజర్నయ్యాను. ఆ తర్వాతే ఫాదర్నయ్యాను," అన్నారాయన.

"గోల్ కీపరు మేనేజరు కావడమేమిటండీ?" అన్నారు పంతులు గారు.

"వెనకనించి అందర్నీ చూడ్డం అలవాటు గదండీ!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ వేళ్ళ మీంచి చూపు మరలలేదు.

గుడివాడలో బండి చాలాసేపు ఆగుతుంది. మీరెప్పుడైనా వెళ్తే ఇడ్లీ అక్కడే తినండి, కూజాలో నీళ్ళూ అక్కడే పట్టుకోండి. బందరు నీళ్ళు ఉప్పన. పదకొండు దాటాక బందరులో దిగి, సత్రంలో భోంచేసి, మూడింటికి మైదానం చేరాం.

ఫాదర్ మైదానం పక్కన కూర్చోరు. మా గోలు వెనకాలే నిలబడతారు. నేనూ అక్కడే గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను. రెండు వైపులా ఒక్క గోలూ పడలేదు. ఆట ముగిసేవేళకి వాళ్ళ బూటువాడొకడు బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. సుబ్బారావు ముందుకురికాడు.

"వదిలెయ్!" అని ఫాదర్ గావుకేక పెట్టారు. "వదిలెయ్ రా అబ్బాయ్!"

తన కీపర్ని గోలు ఇచ్చెయ్యమనే మేనేజరుంటాడని నేనెక్కడా వినలేదు. మావాడు విననే లేదు. బంతి మీద పడ్డాడు. ఆ బూటు మావాడి కుడిచేతి మీద పడింది.

గోలు కాలేదు. ఆట సమానంగా ముగిసింది.

సాయంత్రం బండి ఎక్కాం. సుబ్బారావు చెయ్యి బూరెలా పొంగింది. నేతగాళ్ళ ఊరు పెడనలో ఎక్కిన ఒక ముసలమ్మ పోగులతో కాయలు కాచిన వేళ్ళు చూసి, "అయ్యో, నేసే చెయ్యి కదయ్యా!" అంది. నాకు ఏడుపొచ్చింది. ఫాదర్ తడిగుడ్డ చుడుతూ వేళ్ళు ఒక్కొక్కటే తడిమారు గాని, విరిగాయో లేదో తేల్చి చెప్పలేకపోయారు.

కౌతరం దాటాక ఇక ఆగలేక, నా ఉత్తరీయం అంచునుంచి పోగు లాగి, తెంపి, రెండు కొసలూ వాడికిచ్చాను. మగ్గం మీద తెగిన పోగు కలిపినట్టు కలపమన్నాను. సుబ్బారావు పళ్ళు బిగబట్టాడు. వేళ్ళు ఒకసారి జారాయి. రెండోసారి ముడి పడింది. లాగి చూశాను, ఊడలేదు.

"చాలా అన్నయ్యా?" అన్నాడు. చాలురా నాయనా అని వాణ్ణి కావలించుకున్నాను.

ఫాదర్ ఆ పోగు తీసుకుని, తెంపి, తానూ కలపబోయారు. ఆయన వేళ్ళకి అది చిక్కలేదు.

"నాకప్పుడు వెనకనించి వదిలెయ్ అనేవాడు లేడు," అన్నారు.

"ఉంటే వినేవారా ఫాదర్?" అన్నాడు మావాడు.

ఆయన ఆ తెగిన పోగు వాడికే తిరిగిచ్చేశారు. "వినేవాణ్ణి కాదు," అన్నారు.

వాడి చెయ్యి వాపు తీశాక, పై అమావాస్యకి ఏలూరు వెళ్ళాం. నేనూ కొట్టు మూసి వెళ్ళాను. భయం తగ్గి కాదు. ఒక్కరు అరిస్తే మావాడు వినడు, ఇద్దరం అరిస్తే వింటాడేమోనని.