చెరుకు చేనులో పడిన మధ్యాహ్నం

ఎవరైనా దయ్యం పట్టిందనో గాలి సోకిందనో అంటే నాకు ఒళ్లు మండేది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ని. చప్పుడు వచ్చిందంటే విప్పి చూడాలి, లోపల ఏదో అరిగి ఉంటుంది, అంతే. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఈ ఒక్కటి మాత్రం ఎంత విప్పినా అంతు చిక్కలేదు.

తొంభైల చివర్లో నా భార్య సుగుణకు అల్జీమర్స్ వచ్చింది. నిజామాబాద్ డాక్టర్ ఆ పేరు కాగితం మీద రాసిచ్చాడు. మొదట పొయ్యి మీది గిన్నె మరిచింది, తర్వాత చర్చిలో పాటలు, ఆఖరికి నన్ను. తల దువ్వుతుంటే "ఎవరన్నా నువ్వు?" అనేది. సొంత పెళ్లాం అన్నా అని పిలిచే బాధ పగవాడికి కూడా వద్దు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరం ఉండి కూడా నేను ఒక్కణ్నే.

చర్చికి పోయేవాళ్లమైనా మా ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ముప్పై రెండేళ్ల కాపురంలో జీవరత్నం అన్న మాట సుగుణ నోట ఒక్కసారి వినలేదు. ఓటర్ల లిస్టు రాసేవాళ్లు అడిగితే పక్కింటి హలీమాబీని పిలిచి చెప్పించేది. నాకు నవ్వొచ్చేది.

ఒకసారి సుగుణ రెండు రోజులు ఏమీ తినలేదు. వేడి బెల్లం అంటే ఆమెకు ప్రాణం. రెంజల్ వైపు గానుగ ఆడుతున్నారని విని సైకిల్ తీశాను. బయట తాళం వేశాను. ఆ తాళం వేసిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చేవాణ్ని. బెల్లం కోసమంటే నవ్వుతుందని హలీమాబీకి మందుల షాపుకని చెప్పాను.

దారిలో చెరుకు ట్రాక్టర్ బోల్తా పడి రోడ్డు మూసుకుపోయింది. అప్పటికప్పుడు పంపుసెట్టు వెనక గట్టు మీదికి మళ్లాను. సైకిల్ జారింది. నీళ్ల కాలువలో పడి తొడ ఎముక విరిగింది. చుట్టూ తల మునిగే చెరుకు. ఎంత అరిచినా ఎవరూ పలకలేదు. దూరంగా మసీదులో మధ్యాహ్నపు అజా మొదలైంది. తాళం చెవి నా జేబులో ఉంది, ఆమె లోపల ఉంది. నా భయమంతా అదే.

గంట దాటాక హలీమాబీ భర్త ఆటోలో ఇద్దరిని వెంటబెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చాడు.

ఆస్పత్రిలో హలీమాబీ చెప్పింది. "అజా అయితుంటే కిటికీ ఊసలు పట్టుకొని గట్టిగ ఒర్రిందన్నా. 'జీవరత్నం రెంజల్ తొవ్వల మోటరు కాడ చెరుకుల పడ్డడు, జల్ది పోండ్రి' అన్నది. పేరు పెట్టి అన్నది! మా ఆయనను ఆటో ఏస్కొని అటే వొమ్మన్న. తాళం పలగ్గొట్టి ఆమెను మా ఇంట్ల కూసోవెట్టిన."

నన్ను చూసి ఎవరైనా వచ్చి చెప్పారేమోనని ఆరా తీశాను. ఎవరూ లేరు. ఆ గట్టు ఎక్కుతానని ముందు నాకే తెలియదు.

నెల తర్వాత కట్టుతో ఇంటికొచ్చాను. అన్నాళ్లూ సుగుణను హలీమాబీయే చూసుకుంది. పేరు గుర్తొచ్చిందంటే మనిషి కూడా గుర్తొచ్చి ఉంటాడని ఒకటే ఆశ. మంచం మీద దించగానే "సుగుణా, నేనొచ్చిన" అన్నాను.

నా మొహం చూసింది. "కూసో అన్నా. మా ఆయన చెరుకుల పడ్డడు. తీస్కరానీకి వోయిండ్రు, ఇంకా రాలే" అంది.

నేనే అని ఎన్నిసార్లు చెప్పానో. ఏడ్చాను కూడా. ఏడవకన్నా అని నన్ను ఓదార్చి, మళ్లీ కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

ఇంకో ఏడాది బతికింది. రోజూ ఆ కిటికీ దగ్గరే. నేను పడిన సంగతి ఆమెకెట్లా తెలిసిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను తిరిగొచ్చిన సంగతి మాత్రం ఆమెకు చివరిదాకా తెలియలేదు.