మిరప చేలో మోగిన రహస్యం

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో ఆఫీసు వాళ్ళిచ్చిన ట్యాబు, బుర్రలో ఫోన్లోంచే లోకాన్ని బాగుచేసేస్తానన్న పొగరు. వానల్లేక కర్నూలు వైపు ఊళ్ళు వదిలి సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప కోతలకొచ్చి, చేలగట్ల మీద ప్లాస్టిక్ పట్టాల గుడిసెల్లో ఉండే కుర్ర జంటలకు సుఖవ్యాధుల గురించి, జాగ్రత్తల గురించి వాయిస్ మెసేజులు పంపడం నా ఉద్యోగం. మా పై అధికారి (వాట్సాప్ గ్రూపులన్నీ ఆయనే నడిపేవాడని మేం గ్రూపు సార్ అనేవాళ్ళం, గుంటూరులో ఏసీ గది దాటితే ఆయనకు తుమ్ములు) "ఫోనంటే ప్రైవసీ అమ్మా! ఎవరి రహస్యం వాళ్ళ చెవిలోనే" అనేవాడు. నేను తలూపేదాన్ని. ఆ గుడిసెలకు కరెంటే లేదని ఆయనకు తెలియదు సరే, రోజూ చూసే నాకేమైంది? తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అలాంటి ఒక కూలీల ముఠాను నడిపే మేస్త్రీ భార్యకు ఇరవై ఏళ్ళుంటాయి. ఓ రోజు కాయలు కోస్తూనే, "అక్కా, మూడు నెల్ల నుంచి మంట, దురద. మా ఆయనకు చెప్తే నన్నే అనుమానిస్తాడు. ఆస్పత్రికి పోనీడు" అని గొణిగింది. నంబరు చెప్పమంటే తనకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు చెప్పింది. ఎవరి ఫోనని నేను అడగలేదు, నంబరు దేనికో తనకు చెప్పలేదు. ఇంటికెళ్ళి ఎంతో ఆప్యాయంగా మెసేజు రికార్డు చేశాను.

కోతల్లో ఒక పద్ధతుంది. రైతు మోటారు గదిలో ఛార్జింగు పెట్టుకునే మేస్త్రీ ఫోనొక్కటే పొద్దంతా పనిచేస్తుంది. దానికి స్పీకరు కలిపి పాటలు పెడితే ఆ ఊపులో చేతులు ఆడతాయి. మర్నాడు నేను గట్టు మీద నిలబడే మెసేజు పంపాను. రైతు పంపాడేమో అనుకుని మేస్త్రీ నొక్కాడు. పాట ఆగిపోయి చేనంతా నా గొంతు మోగింది: "చెల్లెమ్మా, ఇది నీకు మాత్రమే. పక్కన ఎవరూ లేనప్పుడు విను." నలభై మంది చేతులాపి శ్రద్ధగా విన్నారు. మూడు నెలల మంట, దురద, నిరోధ్, మీ ఆయన కూడా మందులు వాడాలి... నేను ఒక్కటీ వదల్లేదు మరి!

మేస్త్రీ భార్య వైపు తిరిగాడు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మేస్త్రీ తల్లి చేతిలో గంప విసిరికొట్టింది.

"దాన్నేం చూస్తావురా? నాకూ ఉంది! ఈడ సగం మందికి ఉంది! నీళ్ళు లేవు, తడిక లేదు, యాడ కడుక్కోవాల మేము? మందులు ఇద్దరూ వాడాలంట, ఇన్యావు కదా? నడువు!" అని, నా వైపు తిరిగి, "ఏం మే, ఇంత చదివినావు, చెవిలో చెప్పాల్సింది మైకులో చెప్తావా?" అంది.

ఆడవాళ్ళందరూ ఆటోలో ఆస్పత్రికి వెళ్ళారు. మేస్త్రీ డ్రైవరు పక్కన, మొహం రోడ్డుకేసి తిప్పుకుని కూర్చున్నాడు. జరిగింది చెప్పి, వాళ్ళకు నీళ్ళ ట్యాంకరు కావాలంటే గ్రూపు సార్ ఏమన్నాడో తెలుసా? "ఒక్క మెసేజు నలభై మంది విన్నారా! శుభ్రత మీద ఇంకోటి పంపు!" నీళ్ళడిగితే మెసేజా! ఆ ట్యాబు ఆయన బల్ల మీదే కొట్టబోయాను. (కొట్టలేదు. ఉద్యోగం కావాలిగా.)

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. మెసేజు రాసుకొచ్చిన ప్రతి కొత్తమ్మాయినీ "ఫోనెవరిది?" అని కసిరి పంపుతాను. నన్ను గయ్యాళి అనుకుంటారని తెలుసు. మొన్న కోతల సమయంలో కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అక్కా, నేను, మేస్త్రీ పెండ్లాన్ని. ఈ ఫోను నాదేనక్కా, నేనే కొనుక్కున్యా. పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పు."

అంత బాగా రికార్డు చేసిన ఆ మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "బాగున్నావా?" అన్నాను, అదీ గొంతు తగ్గించి.