గుట్ట మీద సిగ్నల్

ఇల్లందు దాటి అడవి అంచున మా ఊరు. పక్కింటి మహబూబ్ అలీకి కిరాణా కొట్టు. ఆయన కూతురు సుమేరా డిగ్రీ చదివి, ట్యూషన్లు చెప్పి పాత ల్యాప్‌టాప్ కొనుక్కుంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొస్తే ఆ పిల్ల ఇల్లంతా ఎగిరింది.

ల్యాప్‌టాప్‌కు నెట్ కావాలి కదా! వాళ్లింట్లో సిగ్నల్ అందేది తమ్ముడు తబ్రేజ్ ఫోన్‌కొక్కదానికే.

“హాట్‌స్పాట్ పెట్టి గంటసేపు ఫోన్ ఇంట్ల ఉంచరా,” అని అడిగింది.

“ఫోన్ నీకిచ్చి నేనేం చెయ్యాలె ఆపా? నీకు సిమ్ ఏసే నెట్ డాంగిల్ కొనిస్త తియ్.”

కొనిచ్చాడు, కాదనను. ఇంటర్వ్యూ ముందురోజు ల్యాప్‌టాప్ పట్టుకుపోయి ఇల్లందు షాపులోనే పెట్టి చూశాడట, నెట్ దూసుకుపోయిందట. బజార్లో టవర్ పక్కన దూసుకుపోక ఏం చేస్తుంది? మా ఊళ్లో ఆ డాంగిల్ కంపెనీ సిగ్నల్ ఉందా అని ఒక్క మాట అడగలేదు, మహానుభావుడు.

తెల్లారి ఇంట్లో పెడితే ఎర్రలైటే. కిటికీ దగ్గర కూర్చుంది, పెరట్లోకి మోసుకెళ్లింది, లాభం లేదు. అప్పటికే తబ్రేజ్ ఫోన్ జేబులో వేసుకుని దోస్తులతో జూలూరుపాడు పోయాడు.

ఇక మిగిలింది ఊరి గుట్ట. అక్కడ అన్ని కంపెనీల సిగ్నలూ అందుతుంది. అందుకే మగపిల్లలు పొద్దస్తమానం అక్కడే ఉంటారు. ఆడపిల్లలు అటు పోరు.

“నేను తోడు పోత, పంపన్నా,” అన్నాను మహబూబ్ అలీతో.

“గుట్టకా? ఆ పోరగాళ్ల నడుమ కూసుంటదా? ఊరు ఏమంటది చెల్లె? నౌకరీ పోతే పాయె.”

సుమేరా ఎంత ఏడ్చినా ఆయన వినలేదు. మంచి బట్టలు కట్టుకుని, టైము దాటేదాకా ఆ ఎర్రలైటునే చూస్తూ కూర్చుంది. వాళ్లు మళ్లీ పిలవలేదు.

ఆ ఆదివారం క్రికెట్ మ్యాచ్. తన ఫోన్‌లో డేటా అయిపోతుందని తబ్రేజ్ అక్క ల్యాప్‌టాప్, డాంగిల్ చంకన పెట్టుకుని గుట్టెక్కాడు. తండ్రి చూస్తూనే ఉన్నాడు, నోరు మెదపలేదు. సాయంత్రం దిగొచ్చి, నాతో వాకిట్లో కూర్చున్న అక్క ఒళ్లో పెట్టాడు.

“ఉట్టిగనే తిట్టినవ్ ఆపా. డాంగిల్ మంచిదే. ఒక్కసారి కూడా ఆగలే.”

నాకు ఒళ్లు మండిపోయింది.

“సిగ్గు లేదారా? గదే గుట్టకు ల్యాప్‌టాప్ ఎట్ల తీస్కపోయినవ్?”

వాడికి అర్థం కాలేదు. నిజంగానే కాలేదు.

“తీస్కపోతే ఏమైతది అత్తా?” అన్నాడు.